ఒంటిచిల్లు కీబోర్డు

మా పిన్ని పగ పట్టిందంటే పాములు ట్యూషన్‌కొస్తాయి. పాము పగ పన్నెండేళ్ళంటారు. మా పిన్నయితే ఆ పాముని చూసి "అంత తొందరేమిటే నీకు" అని నవ్వే మనిషి. నేను చెప్పేవన్నీ కళ్ళారా చూసినవే. తొమ్మిదో తరగతిలో బడికి నేనే టాటా చెప్పి వచ్చేశాను కాబట్టి పుస్తకాల్లోంచి దించి చెప్పే అవకాశం నాకెలాగూ లేదు. చూసినదాన్ని కాస్త పెంచి చెబుతానని గిట్టనివాళ్ళు అంటారు. పెంచకుండా మొక్కే బతకదు, కథెక్కడ బతుకుతుంది?

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. డ్రై క్లీనింగ్ షాపులో పని. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో ఆవిరి ఇస్త్రీ మిషను, ఈ రెండింటి మధ్యా తలుపుకి బదులు ప్లాస్టిక్ కవర్లు తొడిగిన కోట్ల వరస. ఆ కోట్ల వెనక పొద్దున్నించి సాయంత్రం దాకా పిన్ని ఆవిర్లో తేలుతూ ఉండేది. మబ్బుల్లో దేవతలుంటారని ఎవరో చెబితే నేను చప్పున నమ్మడానికి కారణం ఆవిడే.

ఒకసారి ఓ పెద్దమనిషి నలుగురిలో నిలబడి, "ఈవిడ చేతికి కోటిస్తే గోనెసంచి తిరిగొస్తుంది" అన్నాడు. పిన్ని నవ్వి రసీదు రాసిచ్చింది. మర్నాడు ఆయన ప్యాంటు ఎంతో శ్రద్ధగా ఇస్త్రీ చేసి, ఒక్కో కాలికీ రెండేసి మడతగీతలు దించి ఇచ్చింది. అవి ఏ నీళ్ళకీ పోయే గీతలు కావు. పాపం ఆయన వీధిలో నడిచొస్తుంటే నాలుగు కాళ్ళమీద వస్తున్నట్టుండేది. గుర్రాలు ఆగి దారిచ్చాయని కూడా చెబుతాను గానీ, మా వీధిలో గుర్రాల్లేవని మీరు పట్టుకుంటారు.

అలాంటి పిన్నికి లోకంలో ఒకే ఒక్క బలహీనత ఉండేది. కీబోర్డు వాయించడం. చిన్నప్పుడు పక్కింటి టీచరు దగ్గర నేర్చుకుంది. పెళ్ళయ్యాక, ఒక సంగీతం ట్యూషన్ సెంటరు మూతబడుతుంటే అక్కడున్న కీబోర్డుని ఇంటికి తెచ్చుకుంది. చూడ్డానికి లక్షణంగా ఉండేది. వాయిస్తే గొంతు కూడా మంచిదే. దాని దరిద్రమంతా వీపు వెనకుంది.

ఖరీదైన కీబోర్డుల వీపు మీద చిల్లులు వరసగా ఉంటాయి. శబ్దాన్ని స్పీకర్లకి పంపేందుకు ఒకటి, కాలితో తొక్కే పెడల్‌కి ఒకటి, మైకుకి ఒకటి, అలాగన్నమాట. పిన్ని కీబోర్డుకి కరెంటు వైరుది పోగా శబ్దం బయటికొచ్చే దారి ఒక్కటే. ఇయర్‌ఫోన్ చిల్లు. పక్కన చిన్న చదరపు చిల్లు ఇంకోటుంది గానీ, దాన్లోంచి పాట రాదు. ఏ మెట్టు నొక్కామన్న కబురు మాత్రం కంప్యూటరుకి వెళుతుంది. భోజనానికి పిలిచి వంటకాల పేర్లు చదివి పంపినట్టు. పోనీ ఆ ఇయర్‌ఫోన్ చిల్లయినా సవ్యమా? అందులో పిన్ను దూర్చగానే కీబోర్డు సొంత స్పీకర్లు నోరు మూసుకుంటాయి. ఇక ఆ వైరు అవతలి కొస ఎవరి చేతిలో ఉందో వాడి దయ.

ఆ అవతలి కొస మా పిన్ని మరిది చేతిలో ఉండేది. కథంతా అక్కడే ఉంది.

మరిదంటే మా బాబాయికి తమ్ముడు. మైకులు, స్పీకర్లు, మిక్సర్ పెట్టె పెట్టుకుని సౌండ్ సర్వీసు నడిపేవాడు. మెడలో ఎప్పుడూ చుట్ట చుట్టిన వైరొకటి వేలాడుతూ ఉండేది. అందరికీ వైర్ల మరిదే. వాళ్ళావిడని, అంటే పిన్ని తోడికోడల్ని, ఇంట్లో చిన్నకోడలని పిలిచేవాళ్ళు. ఆవిడకీ కీబోర్డు వచ్చు. కాకపోతే పిన్ని వాయిస్తే మనుషులు పని ఆపి వినేవాళ్ళు, చిన్నకోడలు వాయిస్తే ఆపిన పని మొదలుపెట్టేవాళ్ళు.

మా ఊళ్ళో ఒక నాటక సమాజం ఉండేది. దాని సెట్టింగులు, బల్లలు, పరదాలు మోసే వ్యాను నాదే. కాబట్టి ఆ సమాజం నా భుజాలమీదే నిలబడిందనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. దానికి డైరెక్టరు ఒకాయన. రిహార్సల్లో ఊపిరి పీల్చినా "కట్, కట్" అనేవాడు గనక కట్‌కట్ గారనే పేరు స్థిరపడింది. ఆయనకి ఫోన్లంటే మహా మంట. రిహార్సలైనా, నాటకమైనా నటులు, వాయిద్యాలవాళ్ళు, అందరూ తమ ఫోన్లని ఆపేసి ఒక ప్లాస్టిక్ బకెట్లో వెయ్యాలి. దానిమీద మూత పెట్టి, ఆ మూతమీద ఆయనే కూర్చుని నాటకం నడిపించేవాడు.

ఆ ఏడు వేస్తున్న నాటకంలో ఒక స్టేషన్ మాస్టరు మూడో అంకంలో చనిపోతాడు. చనిపోయాక స్టేజీ మీద ఎవరికీ ఒక్క మాట లేదు. భార్య పక్కన కూర్చుని ఉంటుంది, అంతే. ఏడవాల్సింది సంగీతమే. కట్‌కట్ గారు ఆ పని పిన్నికప్పజెప్పారు. పిన్ని కోట్ల వెనక ఇస్త్రీ చేసుకుంటూనే ఆ బాణీ కట్టింది. రిహార్సల్ గది చిన్నది గనక మిక్సరుతో పన్లేదు, కీబోర్డు సొంత గొంతే చాలేది. మొదటిసారి వాయించినరోజు స్టేషన్ మాస్టరు చనిపోవడం మర్చిపోయి లేచి కూర్చుని విన్నాడు. కట్‌కట్ గారు "కట్" అనలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి మీకు?

పిన్ని ఇంటికొచ్చి మా అమ్మతో, "అక్కా, ఇన్నాళ్ళూ నా చేతి పని ఎవడి ఒంటిమీదో పోయేది. ఇది మాత్రం నా పేరుతో వింటారే" అంది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

అసలు ప్రదర్శన పెద్ద హాల్లో. అక్కడ మిక్సరు లేకుండా కుదరదు. మరిది నవ్వుతూ ఒక వైరు పట్టుకొచ్చాడు. రెండు కొసలకీ ఒకేలాంటి లావుపాటి పిన్నులు. కీబోర్డు వైపు మాత్రం చిన్న చిల్లుకి సరిపడే తొడుగు.

"వదినగారూ, మీకోసం ప్రత్యేకంగా తీసి ఉంచాను."

"బానే ఉంది గానీ మరిదీ, ఇది పెడితే పెట్టె మూగదైపోతుంది. నేను వాయించేది నాకే వినపడకపోతే ఎలా?"

"మీకెందుకు వదినా? వినాల్సింది జనం. నేను చెక్ చేశాగా, గంట కొట్టినట్టుంది."

మొదటి రెండంకాల్లో రైలు కూతలు, గంటలు తప్ప సంగీతం లేదు. అవి మరిది మిషన్లోంచే వచ్చేవి. మూడో అంకం వచ్చింది. స్టేషన్ మాస్టరు పోయాడు. హాలంతా గుండె ఉగ్గబట్టుకుంది. స్టేజీ పక్క బల్ల దగ్గర పిన్ని కళ్ళు మూసుకుని మెట్ల మీద వేళ్ళు వేసింది.

నేను హాలు చివర నిలబడి ఉన్నాను. ఏం వినపడిందో చెప్పనా? పాట కాదు. పాట ఎక్కడో నూతిలో పడిపోయి, అడుగునుంచి దాని నీడ మాత్రం మూలుగుతున్నట్టు ఊఁ... ఊఁ... అంటూ గాలి. రాగం లేదు, మెట్టు లేదు, ఉత్త ప్రతిధ్వని.

వెనక వరసలోంచి ఎవడో, "ఓరి నాయనో, మాస్టారు అప్పుడే దయ్యమైపోయాడ్రోయ్!" అని అరిచాడు.

హాలు పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి పైకప్పు రేకులు కాసేపు గాల్లో నిలబడి మళ్ళీ కూర్చున్నాయి. శవానికి కూడా పొట్ట కదిలింది. భార్య వేషం వేసినావిడ కొంగులో మొహం దాచుకుంది, ఏడుపనుకున్నారు కొందరు. హాలు స్పీకర్లన్నీ జనం వైపు తిరిగున్నాయి గనక పిన్నికి మాత్రం తన పాట వినపడదు, అది ఎలా చచ్చిందో తెలీదు. దేనికో నవ్వుతున్నారనుకుంది. కళ్ళు తెరవకుండా, ప్రాణం పెట్టి, చివరిదాకా వాయించింది. నాకు అది మాత్రం పెంచి చెప్పడం చేతకాదు. ఉన్నదే చాలా పెద్దది.

మేకప్ గదిలో కట్‌కట్ గారు రంగు మారిపోయి ఉన్నారు.

"అమ్మా, ఆ పెట్టె ఇంక వద్దు. కట్. పరువు పోయింది."

"పెట్టె రిహార్సల్లో బాగానే ఉంది కదండీ."

"రిహార్సల్లో అందరూ బాగానే ఉంటారు."

చిన్నకోడలు పిన్ని భుజం మీద చెయ్యేసింది. "అక్కా, మీరేం బాధపడకండి. చవక పెట్టెలంతే. నా కొత్త కీబోర్డుంది కదా, వచ్చే ఆట నుంచి నేను కూర్చుంటాను. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి."

కట్‌కట్ గారు తలూపి, "ఆ బాణీ మాత్రం అదే ఉంచమ్మా, బాగుంది" అన్నారు.

కుర్చీ పోయింది, పాట కూడా పోయింది. పిన్ని ఆ వైరుని పీకి, చుట్ట చుట్టి, తన సంచిలో వేసుకుంది. మరిది అడగలేదు. అడగాల్సింది.

ఆ తరవాత షాపుకొచ్చినవాళ్ళల్లా "నూతిలో వాయించింది మీరేనా అమ్మా?" అనేవాళ్ళు. పిన్ని అందరికీ "అవునండీ" అనే చెప్పింది. బాబాయి "పోనీలేవే, మనవాళ్ళే కదా" అన్నాడు. మా బాబాయి మంచం మీద పామున్నా "పోనీలే, పడుకోనీ" అని అవతలికి జరిగే రకం.

ఒకరోజు సాయంత్రం షాపు మూసే వేళకి పిన్ని నన్ను పిలిపించింది. నా వ్యానుమీద నాటకం గురించి చాటింపు వేసే మైకు పెట్టె, స్పీకరు ఉండేవి. నాచేత వాటిని లోపలికి దింపించి, ఆ వైరు తగిలించి వాయించి చూసింది. మళ్ళీ అదే నూతి. వైరు పీకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పాట శుభ్రంగా ఉంది.

"ఒరేయ్, పెట్టెలో తప్పు లేదురా. దారిలో ఎక్కడో చస్తోంది."

సరిగ్గా అప్పుడే నేను లోకానికి పనికొచ్చే ఒక ఆవిష్కరణ చేశాను. వైరు నా కాలికి తట్టుకుని పిన్ను ఒక గోరంత బయటికొచ్చిందని పిన్ని అంటుంది. ఆవిష్కరణలన్నిటికీ ఇలాంటి పుకార్లు తప్పవు. పిన్ను సగం బయటికి రాగానే పాట స్పీకర్లోంచి నిండుగా, గది గోడలు ఊగేలా వచ్చింది. మళ్ళీ లోపలికి తోస్తే నుయ్యి. గోరంత లాగితే పాట. కానీ అలా సగంలో అది తనంత తాను నిలవదు, వేళ్ళతో పట్టుకునే ఉండాలి.

ఎందుకలా అంటే, ఇయర్‌ఫోన్ చిల్లులోంచి శబ్దం ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, రెండు పాయలుగా వస్తుంది. మిక్సరు వైపు మైకు కోసం పెట్టిన చిల్లు ఆ రెండు పాయల్లో ఒకదాన్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది. రెండూ దాదాపు ఒకటే గనక తీసేశాక మిగిలేది సున్నా, కాస్త ప్రతిధ్వని. నా లెక్కల పేపర్లో కూడా చివరికి అంతే మిగిలేది. పిన్ను గోరంత లాగితే ఒక పాయ తెగిపోయి రెండోది నిక్షేపంగా వినపడుతుంది. దీనికి అసలు మందు వేరే ఉంది. రెండు పాయల్నీ విడదీసి రెండు చిల్లుల్లోకి పంపే చీలిక వైరని ఒకటుంటుంది. సౌండు పని చేసే ఏ మనిషికైనా అది పలకా బలపమంత తెలిసిన సంగతి.

"అయితే మరిదికి తెలీదంటావా?" అంది పిన్ని.

దానికి జవాబు మరిదే స్వయంగా తెచ్చి ఇచ్చాడు. స్టేషన్ మాస్టరు కోటు ఉతకడానికిచ్చారు, దాన్ని తీసుకోవడానికొచ్చాడు. భోజనాల వేళ, పిన్ని ఇంటికెళ్ళి ఉంటుందనుకున్నాడు. కౌంటరు అమ్మాయి కోటు వెతుకుతుంటే వీడు ఫోన్లో ఎవరో స్నేహితుడితో మాట్లాడుతూ కోట్ల వరసకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ వీపుకీ పిన్ని ముక్కుకీ మధ్య అడ్డం ఒక్క రెయిన్‌కోటు. నేను గుమ్మం దగ్గర పరదాల మూట దించుతున్నాను.

"చీలిక వైరా? నా సంచిలోనే ఉందిరా. డాన్స్ స్కూలు వాళ్ళకి వేసేది అదేగా... అబ్బే, మా వదినకేం తెలుస్తుంది! మొహానికి తువ్వాలు కప్పి పాడమన్నట్టే, పాడేసింది పాపం... ఏం చెయ్యమంటావురా, మా ఆవిడ పోరు పడలేక చచ్చాను. ఇప్పుడు ఇంట్లో కూర కూడా బాగుంటోంది."

కోట్ల మధ్యలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో స్టేషన్ మాస్టరు కోటు.

"ఇదిగో మరిదీ."

మరిది తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. "వదినా! మీరు... ఇక్కడే ఉన్నారా?"

"ఉద్యోగం ఇక్కడే కదా మరిదీ. గుండీ ఊడితే కుట్టాను, చూసుకో."

అని నవ్వింది. పిన్ని అరిస్తే భయం లేదు. నవ్విందంటే ఊరు ఖాళీ చేసుకోవాలి.

వాడు వెళ్ళాక నేను ఎగిరి పడ్డాను. "పద పిన్నీ, ఇప్పుడే కట్‌కట్ గారికి చెబుదాం!"

"చెబితే ఏం చేస్తాడ్రా? పిలిచి సారీ చెప్పిస్తాడు. వాడి సారీ నేనేం చేసుకోను, ఇస్త్రీ చేసి దాచుకోనా?" మిషను మీద మూత ధడాలున దించింది. ఆవిరి బుస్సుమంది. "ఆ హాల్లో నవ్వారు. ఆ హాల్లోనే వినాలి. అదీ వాళ్ళ పెట్టెలోంచే వినాలి. తరవాత చూద్దాం సారీల సంగతి."

వాళ్ళ పెట్టెకి దారి చూపించింది మళ్ళీ నేనే. చిన్నకోడలి కీబోర్డుని హాలుకి మోసేది నా వ్యానే కదా. ఆ కీబోర్డు వీపునిండా చిల్లులున్నాయి, పైగా వైర్‌లెస్సు కూడా ఉందని మరిది ఊరంతా డప్పు కొట్టుకున్నాడు. ఆ వైర్‌లెస్సు సంగతి డబ్బా మీద రాసినంత గొప్పదేం కాదు. ఆ కీబోర్డు తన పాటని గాల్లోంచి బయటికి పంపలేదు. ఫోన్లో ఉన్న పాటని లోపలికి తీసుకుని తన గొంతుతో వినిపిస్తుంది, అంతే. పైగా ఎవరు నువ్వని అడగదు, తాళం లేదు. మామూలుగా చిన్నకోడలి ఫోనే దానికి అంటిపెట్టుకుని ఉండేది. ఒకరోజు రిహార్సల్లో ఆవిడ ఫోను బకెట్లో ఆపేసి ఉండగా, నేను వ్యానులో కూర్చుని ఫోన్లో పెట్టుకున్న పాట కాస్తా లోపల స్టేజీ మీద ఆవిడ కీబోర్డులోంచి వచ్చి, మొగుడు చచ్చిన సీనులో హుషారు పాటేమిట్రా అని కట్‌కట్ గారు గోడకేసి తల కొట్టుకున్నారు. తలుపులేని ఇల్లది.

ఈ ముక్క చెప్పగానే పిన్ని నా నెత్తిమీద ముద్దు పెట్టింది. ఊహ తెలిశాక అదే మొదటిసారి, కాస్త భయం కూడా వేసింది.

పిన్ని తన పాత కీబోర్డుని షాపు వెనక గదిలో బల్లమీద పెట్టి, ఎదురుగా ఫోను నిలబెట్టి, ఆ బాణీని రికార్డు చేసింది. అదేమంత తేలిగ్గా జరగలేదు. ఓసారి మంచి పట్టులో ఉండగా "ఏమ్మా, నా షర్టు అయిందా?" అని ఒకాయన, ఇంకోసారి "ఈ మరక పోతుందా?" అని ఒకావిడ పాటలో దూరిపోయారు. చివరికి మిషను ఆపి, షట్టరు సగం దించి, నన్ను వీధిలో కాపలా పెట్టి, వాయించింది. ఆ తరవాత ఫోనుని నోటికి దగ్గరగా పట్టుకుని ఇంకో ముక్క రికార్డు చేసింది. అదేమిటో నాకు వినిపించలేదు.

ఆట రోజొచ్చింది. పిన్ని మంచి బట్టలు కట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని, ముందు వరసలో వాయిద్యాల బల్లకి దగ్గరగా కూర్చుంది. ఒళ్ళో చేతిసంచి. చిన్నకోడలు పైనుంచి చూసి, "అక్కా వచ్చారా, నేర్చుకోవచ్చులెండి" అంది.

"అందుకే వచ్చానమ్మా" అంది పిన్ని.

మూడో అంకంలో స్టేషన్ మాస్టరు ఎప్పటిలాగే పోయాడు. చిన్నకోడలు చేతులెత్తింది. ఆ చేతులు మెట్లమీద దిగేలోపల పాట మొదలైంది.

ఆ చేతులు అక్కడే, గాల్లో, రెండు ఎండేసిన చొక్కాల్లా వేలాడుతూ ఉండిపోయాయి. ఆవిడ కీబోర్డుకేసి చూసింది, చేతులకేసి చూసింది, మిక్సరు దగ్గరున్న మొగుడికేసి చూసింది. మొగుడికి ఆ చూపు అర్థం కాలేదు. పెళ్ళాం ఇంత బాగా ఎప్పుడు నేర్చుకుందా అని ఉబ్బిపోయి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఎక్కడో ఒక ముక్కు చీదిన చప్పుడు, తరవాత ఇంకోటి. చిన్నకోడలు ఇక గత్యంతరం లేక చేతులు దించి వాయిస్తున్నట్టు నటించడం మొదలుపెట్టింది. పాట కుడికి పోతుంటే వేళ్ళు ఎడమకి పోయేవి. పాట ఆగి ఊపిరి పీల్చుకుంటే ఆవిడ వేళ్ళు ఇంకా పరిగెడుతూ ఉండేవి. ఆ సమాజంలో ఇన్నేళ్ళలో అంత కష్టపడి నటించినవాళ్ళు ఇంకొకరు లేరు. శవం కంటికొసన నీటి చుక్క దిగింది. ఇది పెంచి చెప్పింది కాదు. కావాలంటే శవాన్నే అడగండి, ఇప్పటికీ బజార్లో పళ్ళు అమ్ముతాడు.

పాట అయిపోయింది. ఆ తరవాత చప్పట్లు. జనం లేచి నిలబడ్డారు. తెర పడుతుంటే చిన్నకోడలు, పాపం ఆశ చెడ్డది కదా, సగం లేచి చేతులు జోడించింది.

అప్పుడు ఆవిడ కీబోర్డు మాట్లాడింది.

"చప్పట్లు కొట్టినవాళ్ళకి దండాలు. ఇది వాయించింది ఈ అమ్మాయి కాదు, మొన్న మీరు నవ్విన పెద్దకోడల్ని. మొన్న నా పాట నూతిలో పడలేదు, తోశారు. తోసిన వైరు నా సంచిలో ఉంది. ఇచ్చింది మా మరిది. కూర బాగుందా మరిదీ?"

మరిది మిక్సరు మీద పడి కనపడిన మీటనల్లా కిందికి లాగాడు. కంగార్లో రైలు కూత మోగింది. కట్‌కట్ గారు "కట్! కట్! ఎవరి ఫోనది?" అని అరుస్తూ బకెట్ మూత తీసి చూశారు. అన్ని ఫోన్లూ బుద్ధిగా లోపలే పడుకుని ఉన్నాయి.

ముందు వరసలోంచి పిన్ని నిలబడింది. చేతిలో ఫోను.

"నాదండీ. బకెట్లో వెయ్యలేదు. నేను మీ సమాజంలో లేనుగా."

మేకప్ గదిలో పంచాయితీ జరిగింది. పిన్ని సంచిలోంచి వైరు తీసి బల్లమీద పెట్టింది. దాన్ని ఎలా పెడితే నుయ్యి, ఎలా లాగితే పాట, నేను నా ఆవిష్కరణతో సహా విడమరిచి చెప్పాను. మరిది మొదట తెలీదన్నాడు. చీలిక వైరు ఎక్కడని కట్‌కట్ గారడిగితే చూపు తన సంచిమీదికి పోయింది. ఇంక చెప్పేదేముంది?

"వదినా, ఏదో తమాషాకి..." అన్నాడు.

"అబ్బ, ఎంత నవ్వించావు మరిదీ! హాలు హాలంతా నవ్వింది."

చిన్నకోడలు మూల స్టూలు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. కట్‌కట్ గారు మరిదివైపు వేలెత్తి, "నువ్వు రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కకు. కట్" అన్నారు.

"వద్దండీ" అంది పిన్ని. అందరూ ఆవిడ మంచి మనసుని మెచ్చుకోబోయారు. నేను మాత్రం గోడకి ఆనుకున్నాను, ఏం పడుతుందో తెలుసు గనక. "మరిది వెళ్ళిపోతే నా పెట్టెకి దిక్కెవరు? నా కుర్చీలో నేను కూర్చుంటాను. నా పెట్టే, నా వైరే. మరిది ఉండాలి."

మరిది ప్రాణం లేచొచ్చింది. "మీ దయ వదినా. చీలిక వైరు ఇప్పుడే తగిలిస్తా."

"అది డాన్స్ స్కూలు వాళ్ళకి వేసేది కదా మరిదీ, మనకెందుకు? నాకు నువ్వు ప్రత్యేకంగా తీసి ఉంచావే, ఈ వైరే కావాలి. పిన్ను గోరంత బయటికి లాగి పట్టుకుంటే చక్కగా పలుకుతోంది."

"పట్టుకోవడమేమిటి వదినా? టేపు అంటిస్తాను!"

"టేపు జారుతుంది. మనిషి జారడు."

మరిది కట్‌కట్ గారికేసి చూశాడు. ఆయన బకెట్ మూత తుడుచుకుంటున్నారు. జనం తరవాతి ఆట టిక్కెట్ల కోసం బయట అప్పుడే అడుగుతున్నారని ఆయనకి కబురొచ్చింది.

అలా కుదిరింది ఏర్పాటు. వాయిద్యాల బల్లమీద నల్లగుడ్డ కప్పారు. దాని కింద మరిది. ఒంగి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, కీబోర్డు వీపుకి చెయ్యి చాపి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఆ పిన్నుని గోరంత బయటికి లాగి పట్టుకుని ఉండాలి. కొంచెం లోపలికి పోతే నుయ్యి, కొంచెం బయటికొస్తే అసలే లేదు. ఇంక మిక్సరు ముందు చిన్నకోడలు కూర్చుంది. ఆవిడ పని రైలు కూతలు వెయ్యడం. అందులో ఆవిడకి మంచి పేరొచ్చింది, అబద్ధమెందుకు.

పాట ఉండేది మూడో అంకంలోనే అయినా, మొదటి అంకం నుంచీ మరిది లోపలే ఉండాలని పిన్ని పట్టు. "మధ్యలో దూరితే జనం చూస్తారు" అన్నది ఆవిడ చెప్పిన కారణం. పిన్ని కనిపెట్టిన ఇంకో పద్ధతి ఏమిటంటే, ఆట మొదలయ్యేముందు ఒక్కసారి బల్ల కిందకి ఒంగి "మరిదీ, నీకు వినపడుతోందా?" అని అడిగేది. "వినపడుతోంది వదినా" అనేవాడు లోపల్నుంచి. "నీకెందుకులే, వినాల్సింది జనం" అని గుడ్డ దించేసేది.

నాటకం ఆ ఊరూ ఈ ఊరూ తిరిగింది. నా వ్యానులో సెట్టింగులతో పాటు మరిది నడుముకి రాసుకునే మందు సీసాలు కూడా ఎక్కేవి. ఒకరోజు బాబాయి చూడలేక, భోజనం దగ్గర గొంతు సవరించుకుని, "వాడికి నడుం పట్టేసిందటే. తప్పు ఒప్పుకున్నాడు, కాళ్ళు పట్టుకున్నాడు. ఇంక వదిలెయ్యమనవే" అన్నాడు.

"వదిలితే పాట పోతుందండీ" అంది పిన్ని, ఆయన పళ్ళెంలో ఇంకాస్త వడ్డిస్తూ.

ఆ సీజనులో ఆఖరి ఆటకి నేను బల్ల పక్కనే తెర తాడు పట్టుకుని ఉన్నాను. పాట అయిపోయింది. చప్పట్లు ఆగడం లేదు. నల్లగుడ్డ అంచు మెల్లగా లేచి, చెమటలు కారుతున్న మొహం సగం బయటికొచ్చింది.

"వదినా... అయిపోయింది కదా. చెయ్యి తియ్యనా?"

జనంలోంచి "మళ్ళీ వాయించాలి, మళ్ళీ" అని ఒకటే కేక. పిన్ని వాళ్ళకి వంగి నమస్కారం పెట్టి, కుర్చీ ముందుకి లాక్కుని, వేళ్ళు విరుచుకుంది.

"పట్టుకో మరిదీ" అంది, కిందకి చూడకుండానే.